ఊరేగింపు వాద్యం – ఎదుటివారి విశ్వాసం

మేళం లేని ఊరేగింపు మన తెలుగువారికి ఊహకు అందదు. పెళ్లికి సన్నాయి, డోలు. గ్రామదేవత జాతరకు డప్పు. స్వామివారి కల్యాణానికి నాదస్వరం. పట్నాలలో పెళ్లికొడుకు ముందు బ్యాండుమేళం. మన తాతముత్తాతలు ఓడలెక్కి పరాయి దేశాలకు వెళ్లినప్పుడు కూడా ఈ అలవాటును విడిచిపెట్టలేదు.

మన రెజైనాలోనూ వేసవి వచ్చిందంటే కవాతుల సందడే. లయన్స్ బ్యాండు నడుస్తుంది. బడిపిల్లలు ఇత్తడి వాద్యాలు భుజానికెత్తుకుని నడుస్తారు. మొజాయిక్ ఉత్సవంలో ఒక్కొక్క జాతివారు తమ తమ ఆటపాటలు చూపిస్తారు. వీటిలో మన పిల్లలూ పాల్గొంటున్నారు. అందువల్ల ఒక ప్రశ్న మన ఇళ్లలో తరచు వినబడుతున్నది. వీధిలో నడుస్తూ వాయించే సంగీతంలో దేవుడి పాట ఉండవచ్చునా? ఒకరికి భక్తి కలిగించేది మరొకరికి బాధ కలిగిస్తే ఏమి చేయాలి?

హాలులో కచేరీకి ఇష్టమైనవారే వచ్చి కూర్చుంటారు. నచ్చనివారు రారు. వీధి మేళం సంగతి అలా కాదు. ఆ ధ్వని ఎవరి అనుమతీ అడగకుండానే ఇళ్లలోకి, గుడిలోకి, మసీదులోకి, చర్చిలోకి ప్రవేశిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఈ చిక్కు ఎంత పాతదో తెలుసుకోవాలంటే 1882 నుంచి 1885 వరకు జరిగిన కొన్ని సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడాలి. అవి జరిగిన ఊళ్లు వేరు, మతాలు వేరు. పైనున్న సామ్రాజ్యం మాత్రం ఒక్కటే.

సేలంలో తగవు

మద్రాసు రాజధానిలోని సేలం పట్టణంలో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ హిందువుల ఊరేగింపులు వెళ్లే దారిలో మసీదు కట్టడంతో తగవు మొదలైంది. మసీదు ముందు మేళం ఆపాలని ఒకరు, ఆపబోమని మరొకరు పట్టుబట్టారు. 1882లో అది పెద్ద అల్లర్లకు దారితీసింది. మసీదును కూల్చివేశారు, ప్రాణాలు పోయాయి. తరువాత 1920లో నాగపూరు కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన సి. విజయరాఘవాచారిగారు అప్పుడు యువకుడైన వకీలు. ఆయనను కూడా ఈ కేసులో నిందితునిగా చేర్చి శిక్ష వేశారు. అప్పీలులో ఆయన నిర్దోషిగా బయటపడ్డారు.

సేలం తగవు మీదనే మద్రాసు హైకోర్టు 1883లో ఒక ముఖ్యమైన తీర్పు చెప్పింది. ఏ మతంవారైనా రాజవీథిలో మేళతాళాలతో ఊరేగవచ్చును. అయితే తక్కినవారి రాకపోకలకు అడ్డు రాకూడదు, శాంతికి భంగం కలగకుండా మేజిస్ట్రేటు చట్టప్రకారం ఇచ్చే ఉత్తరువులకు లోబడాలి. దాని సారాంశం ఇది. నెల్లూరు, గుంటూరు, విశాఖపట్నం ప్రాంతాలు కూడా అప్పుడు ఆ హైకోర్టు కిందనే ఉండేవి కనుక మన పూర్వులకూ ఇదే న్యాయం వర్తించింది.

1924లో లండనులోని ప్రీవీ కౌన్సిలు ఇదే సూత్రాన్ని బలపరిచింది. ఆ కేసులో హిందువులే లేరు. మొహర్రం ఊరేగింపు విషయంలో షియా ముస్లిములకు, సున్నీ ముస్లిములకు వచ్చిన తగాదా అది. కాబట్టి వీధి మేళం తగవును రెండు మతాల మధ్య పగగా మాత్రమే చూడడం సరికాదు. ఒకే మతంలోని రెండు శాఖల మధ్యకూడా అది రాగలదు.

బొంబాయిలో సాల్వేషన్ ఆర్మీ

అదే 1882 సెప్టెంబరులో సాల్వేషన్ ఆర్మీవారు నలుగురు బొంబాయిలో దిగారు. వారి నాయకుడు ఫ్రెడరిక్ టక్కర్ అంతకుముందు ఇండియన్ సివిల్ సర్వీసులో ఉద్యోగం చేసినవాడు. కాషాయం కట్టి ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. వీరు వాద్యాలతో, పాటలతో వీధిలో ఊరేగగా పోలీసులు పట్టుకున్నారు. హిందువులూ ముస్లిములూ నొచ్చుకుంటారేమో, గొడవ జరుగుతుందేమో అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. చిత్రమేమిటంటే, నొచ్చుకుంటారనుకున్న భారతీయులలోనే ఎందరో పెద్దలు వారి పక్షం మాట్లాడారు. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ ఈ అరెస్టులను ఖండించారు.

ఇందులో మనకొక పాఠం ఉన్నది. "ఫలానావారికి బాధ కలుగుతుంది" అని పైనున్నవారు అనేసుకోవడం వేరు, ఆ ఫలానావారినే అడిగి తెలుసుకోవడం వేరు. అడగకుండా విధించే నిషేధం చాలాసార్లు ఎవరినీ కాపాడదు.

ట్రినిడాడులో తుపాకులు

1884 అక్టోబరు 30న ట్రినిడాడులోని సాన్ ఫెర్నాండోలో జరిగినది ఇంతకంటె ఘోరం. అక్కడి చెరకు తోటల కూలీలు మొహర్రం పండుగను "హోసే" అని పిలిచేవారు. తాజియాలు ఎత్తుకుని, డోళ్లు మోగిస్తూ వెళ్లే ఆ ఊరేగింపులో ముస్లిములతోపాటు హిందువులూ నడిచేవారు. మద్రాసు రేవునుంచి వెళ్లినవారు కూడా ఆ దీవిలో ఉండేవారు. ఊరేగింపు పట్టణంలోకి రాకూడదని ప్రభుత్వం ఉత్తరువు చేసింది. ఏండ్ల తరబడి నడిచిన దారి విడిచేది లేదని కూలీలు ముందుకు సాగారు. వారిమీద కాల్పులు జరిగాయి. కనీసం 16 మంది మరణించారు, వందమందికి పైగా గాయపడ్డారు.

ఇక్కడ ఒక మతంవారు మరొక మతంవారితో తగవుపడలేదు. కూలీలందరూ కలిసి వాయించే డోలే దొరలకు భయం పుట్టించింది.

మన మైదానాల మీద

ఇక మనం ఇల్లు కట్టుకున్న ఈ నేల సంగతి చూద్దాము. రెజైనా ఉన్నది 1874లో కుదిరిన నాలుగవ ఒడంబడిక భూమి. క్రీ, సోల్టో మొదలైన మూలవాసులకు డోలు వట్టి వాద్యం కాదు, ప్రాణం ఉన్నదిగా వారు దానిని గౌరవిస్తారు. కెనడా ప్రభుత్వం 1884లో ఇండియన్ చట్టాన్ని సవరించి పసిఫిక్ తీరంలోని పాట్‌లాచ్ వేడుకను నిషేధించింది. 1885లో అది అమలులోకి వచ్చింది. 1895లో చేసిన మరొక సవరణ మైదానాలలోని పూజా నృత్యాలను కూడా దెబ్బతీసింది. 1914లో, పశ్చిమ రాష్ట్రాలవారు అనుమతి లేకుండా తమ రిజర్వు దాటి సంప్రదాయ వేషంతో నృత్యం చేయరాదన్నారు. 1951 వరకు ఈ నిషేధాలు చట్టంలో ఉన్నాయి.

రెజైనాకు ఈశాన్యంగా ఉన్న ఫైల్ హిల్స్‌లో ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో ఒక కాలనీ నడిపారు. పారిశ్రామిక, వసతి పాఠశాలలలో చదివి వచ్చిన మూలవాసి యువతను అక్కడ స్థిరపరచారు. వారికి తమ నృత్యాలు, పూజలు కూడదన్నారు. అయితే ఇత్తడి వాద్యాల బ్యాండు మాత్రం ఉండేది! తాతగారి డోలు నేరం, దొరగారి బాకా నాగరికత అన్నమాట. తెలుగునాట దీనితో పోల్చదగినది స్టువర్టుపురం. బాపట్ల దగ్గర సుమారు 1913లో, నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను అక్కడ కాపలాలో ఉంచారు. ఆ సెటిల్‌మెంటును నడిపినది బొంబాయి వీధిలో వాయించి అరెస్టయిన ఆ సాల్వేషన్ ఆర్మీయే.

ఈ సంఘటనలన్నిటిలోనూ ఒకే సంగతి కనబడుతుంది. ఏది సంగీతం, ఏది గోల, ఎవరి బాధ లెక్కించవలసినది అని నిర్ణయించినది అధికారం చేతిలో ఉన్నవారు. వాయించేవారినీ వినేవారినీ కూర్చోబెట్టి మాట్లాడించినవారు అరుదు.

కవాతు వేషం విషయంలోనూ ఇటువంటి వాదమే వచ్చింది. 1990లో సిక్కులు తలపాగాతో ఆర్.సి.ఎం.పి.లో పనిచేయవచ్చునని ప్రభుత్వం ప్రకటించింది. వేలాదిమంది సంతకాలు పెట్టి వ్యతిరేకించారు. అయినా బల్తేజ్ సింగ్ ధిల్లాన్ మన రెజైనాలోని డిపోలోనే శిక్షణ పొంది, తలపాగాతోనే ఆ పోలీసు దళంలో చేరారు. దళం గౌరవానికి ఏ లోటూ రాలేదు.

కలిసి వాయించినవారు

చరిత్రలో తగవులే లేవు. తెలుగు పల్లెల్లో పీర్లపండుగనాడు పీర్ల ముందు డప్పు కొట్టేవారిలో, నిప్పుల గుండం చుట్టూ ఆడేవారిలో హిందువులు ఎందరో ఉంటారు. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానాగారు ముస్లిం. తరతరాలుగా నాదస్వరమే వారి కుటుంబ విద్య. ఆయన శ్రీరంగం వెళ్లి స్థిరపడి రంగనాథస్వామి సన్నిధిలో వాయించారు. 1977లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన నాదస్వరం రామభక్తులను పరవశింపజేసింది, ఆయన నమాజూ మానలేదు. దేవుడి పాట మరొక మతంవాని చేతిలో మైలపడుతుందనేవారికి ఆయన జీవితమే సమాధానం.

మనం చేయవలసినది

మన పిల్లలకు ఏమి చెప్పాలి? దేవుడి ఊసే లేని సంగీతం వాయించమంటే సగం సంగీతం పోతుంది. త్యాగరాజును తీసివేస్తే కర్ణాటక సంగీతానికి, బాక్‌ను తీసివేస్తే పాశ్చాత్య సంగీతానికి ఎంత మిగులుతుంది? నవంబరు 11న స్మారక స్తంభం దగ్గర బ్యాండు క్రైస్తవ కీర్తన వాయిస్తే మనం తల వంచి నిలబడుతున్నాము. అది ప్రాణమిచ్చినవారికి చేసే మర్యాద.

కాని వినిపించడం వేరు, బలవంతపెట్టడం వేరు. సస్కటూన్ ప్రభుత్వ పాఠశాలల్లో ప్రభుప్రార్థన చెప్పించడం వివక్ష అని 1999లో మానవ హక్కుల విచారణలో తేల్చారు. బ్యాండు విషయంలోనూ ఈ గీత గుర్తుంచుకోవాలి. ఒక పిల్లవాడు తన ఇంటి విశ్వాసం కారణంగా ఫలానా కీర్తన వాయించలేనంటే వానిని నలుగురిలో చిన్నబుచ్చకూడదు. రేపు ఆ పిల్లవాడు మన పిల్లవాడే కావచ్చును.

ఊరేగింపుకు వెళ్లేముందు మన సంఘం మూడు పనులు చేస్తే చాలునని నా అభిప్రాయం. మొదటిది, మనం వాయించే పాట అర్థం పిల్లలకు చెప్పాలి. అర్థం తెలియని భక్తిపాట ఉత్త చప్పుడే. రెండవది, మన దారిలో ఏ ప్రార్థనామందిరం ఉన్నదో, ఆ వేళకు అక్కడ ప్రార్థన జరుగుతున్నదేమో ముందే కనుక్కోవాలి. ఒక్క నిమిషం డోలు ఆపితే మన దేవుడేమీ చిన్నబోడు. మూడవది, ఇతరుల పవిత్ర వాద్యాన్ని, వేషాన్ని మన ప్రదర్శనకు అలంకారంగా వాడుకోకూడదు. ముఖ్యంగా ఈ నేల మూలవాసుల డోలును వారు పిలిచి చేతికిస్తేనే ముట్టుకోవాలి. దశాబ్దాలపాటు చట్టం నోరు నొక్కిన డోలు అది.

హక్కు ఏమిటో మద్రాసు హైకోర్టు 1883లోనే చెప్పింది. మర్యాద మాత్రం ఏ కోర్టూ నేర్పలేదు. దానిని ఇంట్లో పెద్దలే నేర్పాలి. మన పిల్లలు సన్నాయి పట్టినా, ట్రంపెట్ పట్టినా, గట్టిగా వాయించడంతోపాటు ఎక్కడ ఆపాలో కూడా నేర్చుకుందురు గాక.