గుడ్డ మీది గణితము: దుస్తుల నమూనా కథ

మగ్గము మనకిచ్చునది దీర్ఘచతురస్రము. చీరయైనను, పంచెయైనను, ఉత్తరీయమైనను నిలువున పడుగు, అడ్డమున పేక గల పొడుగాటి గుడ్డ మాత్రమే. దానికి ఎవరి కొలతలతోను పని లేదు. తల్లి చీరను కూతురు కట్టుకొనవచ్చును. ఒళ్లు వచ్చినను, చిక్కినను కుచ్చెళ్లు సర్దుకొనిన చాలును. కాని ఆ గుడ్డకు కత్తెర తగిలినప్పటినుండి అది ఒక మనిషి సొత్తగును. రవికె, చొక్కా, లాగు మొదలైనవి ఒకరికి కుదిరినట్లు మరియొకరికి కుదరవు. అందుచేతనే మన ఊళ్లలో రవికె కుట్టించుకొనువారు గుడ్డతోపాటు ‘ఆది’ని కూడ దర్జీకి ఇత్తురు. బాగుగా కుదిరిన పాత రవికెయే ఆది. దర్జీ దాని కొలతలు తీసికొని, మెడ కొంచెము మార్చి, చేయి కొంచెము పొడిగించి కొత్తది కుట్టును.

నచ్చిన దుస్తును ఆధారముగా గొని మరియొకటి తయారుచేయు ఈ పద్ధతి చూచుటకు సామాన్యమైనదే. కాని దీని వెనుక రెండు ప్రశ్నలున్నవి. బల్లపరుపుగా నుండు గుడ్డ వంపులు తిరిగిన దేహమునకు ఎట్లు అమరును? ఒకరికి అమరిన ఆకారమును మరియొకరికి అమరునట్లు ఎట్లు మార్చవలెను? ఈ ప్రశ్నలకు సమాధానములు దర్జీల చేతులనుండి కాగితము మీదికి, అక్కడినుండి సామాన్యుల ఇండ్లలోనికి వచ్చుటకు సుమారు మూడువందల ఏండ్లు పట్టినది.

దర్జీల విద్య

ఐరోపాలో ఈ విద్యను అచ్చులోనికి తెచ్చిన తొలివారిలో స్పెయిన్ దేశపు దర్జీ హువాన్ దె అల్సెగా ఒకడు. 1580 లో మాద్రిద్ నగరమున అచ్చయిన అతని గ్రంథము పేరులోనే ‘జ్యామితి’ అను మాట ఉన్నది. అంగీలు, పైవస్త్రములు మొదలైనవాటి ముక్కలను గుడ్డ మీద ఏ విధముగా పరచి కత్తిరించినచో తక్కువ గుడ్డతో పని జరుగునో ఆ పుస్తకములోని పటములు చూపుచున్నవి. ఆనాడు కుట్టుకూలికంటె గుడ్డ ఖరీదే ఎక్కువ. కనుక వృథా తగ్గించుటయే దర్జీ తెలివికి గీటురాయి. కాని ఆ పటములు చిన్నవి. వాటిని మనిషి కొలతకు పెంచుట తెలిసిన దర్జీకే సాధ్యము.

మరి మనిషిని ఎట్లు కొలిచెడివారు? 1769 లో ఫ్రాన్సు దేశమున గార్సో అను రచయిత దర్జీవిద్యను వర్ణించుచు ఒక గ్రంథము ప్రకటించెను. అప్పటి దర్జీ చేతిలో అంగుళముల టేపు లేదు. కాగితపు పట్టీ ఒకటి ఉండెడిది. ఛాతి ఇంతవరకు, నడుము ఇంతవరకు, చేయి ఇంతవరకు అని దాని అంచున గాట్లు పెట్టుకొనెడివాడు. ఒక్కొక్క ఖాతాదారునికి ఒక్కొక్క పట్టీ. ఆ గాట్లకు అర్థము ఆ దర్జీకే తెలియును. అందులో అంకెలు లేవు గనుక ఒకరి కొలతను మరియొకరి కొలతతో పోల్చి సూత్రము కట్టుటకు వీలు చిక్కలేదు.

పందొమ్మిదవ శతాబ్దారంభమున అంకెలు వేసిన టేపు వాడుకలోనికి వచ్చెను. అది చిన్న వస్తువే గాని పెద్ద మార్పు తెచ్చినది. గాటు అంకెగా మారగానే కొలతలను కూడవచ్చును, భాగించవచ్చును, పట్టికగా వ్రాయవచ్చును. ఛాతి చుట్టుకొలత తెలిసినచో భుజము, చంక, మెడ ఎంత ఉండునో లెక్కకట్టు పద్ధతులను దర్జీలు పుస్తకములుగా వ్రాయసాగిరి.

బటరిక్ కాగితములు

ఇంతలో కుట్టు మిషను వచ్చినది. అమెరికాలో 1846 లో ఎలియాస్ హౌ, 1851 లో ఐజాక్ సింగర్ తమ యంత్రములకు పేటెంటులు పొందిరి. చేతితో పదునాలుగు గంటలు పట్టు చొక్కా మిషనుపై గంటకు కొంచెము మించిన కాలములో పూర్తియగునని ఆనాటి లెక్క ఒకటి చెప్పుచున్నది. కాని యంత్రము కుట్టును గాని, ఎక్కడ కత్తిరించవలెనో చెప్పదు. మిషను కొన్న ఇల్లాలికి కుట్టు సులభమై, కత్తిరింపు కష్టముగనే మిగిలినది. పత్రికలు చిన్న పటములను ప్రకటించెడివి. వాటిని పెంచుకొనుట ఎవరి తంటాలు వారివి. 1860 లో ఎలెన్ డెమొరెస్ట్ తన పత్రికతోపాటు నిలువెత్తు కాగితపు నమూనా నిచ్చెను గాని అది ఒకే సైజుది.

ఈ లోటును తీర్చినవాడు ఎబెనెజర్ బటరిక్ అను దర్జీ. మాసచూసెట్స్ రాష్ట్రములోని స్టెర్లింగ్ అతని ఊరు. ఒకే దుస్తుకు వేర్వేరు సైజుల నమూనాలున్న బాగుండునని అతని భార్య ఎలెన్ సూచించినట్లు చెప్పుదురు. 1863 లో వారు మగవారికి, మగపిల్లలకు సైజులవారీగా కాగితపు నమూనాలు కత్తిరించి అమ్మనారంభించిరి. మరుసటి యేడు వ్యాపారము న్యూయార్కు చేరినది. 1866 నుండి స్త్రీల దుస్తుల నమూనాలు కూడ వచ్చినవి. ఆ పలుచని కాగితములపై అచ్చు లేదు. ముక్కలను ఎక్కడ కలుపవలెనో తెలుపుటకు రంధ్రములు, గాట్లు మాత్రముండెడివి. దర్జీ తన పట్టీపై పెట్టుకొనిన గాటు ఇప్పుడు అందరికిని తెలిసిన గుర్తయినది.

సైజు పెంచుట

ఒక సైజునుండి మరియొక సైజునకు పోవుట ఫొటోను పెద్దది చేయుట వంటిది కాదు. ఛాతి 32 అంగుళములున్న నమూనాను 34 చేయవలెననుకొందము. ముందు రెండు సగములు, వెనుక రెండు సగములు కలిసి నాలుగు భాగములు. పెరిగిన 2 అంగుళములను నాలుగింట పంచిన ఒక్కొక్క భాగమునకు అర అంగుళము వచ్చును. కాని మెడ అంతగా పెరుగదు, భుజము అంతకన్న తక్కువ. అన్నిటిని ఒకే నిష్పత్తిలో పెంచినచో భుజములు జారి, మెడ వదులగును. కనుక ఒక్కొక్క బిందువును ఎంత జరుపవలెనో వేరువేరుగా నిర్ణయింపవలెను. బటరిక్ అమ్మినది కాగితము కాదు, ఈ నిర్ణయములే.

వంపు, కోణము, పోగు

గోళపు ఉపరితలమును సాగదీయక, ముడుచక, చింపక సమతలముగా పరచుట అసాధ్యమని జర్మన్ గణితజ్ఞుడు గౌస్ 1827 లో ప్రకటించిన సిద్ధాంతమువలన తేలుచున్నది. నారింజతొక్కను బల్లపై అదిమినప్పుడు అంచులు చిట్లుట ఇందుకే. దర్జీ సమస్య దీనికి తలక్రిందులు: సమతలమును వంపుపై అమర్చవలెను.

దీనికి మొదటి ఉపాయము దర్జీలు ‘డాట్’ అని పిలుచు కోణపు మడత. వృత్తాకారపు కాగితమునుండి 30 డిగ్రీల ముక్క తీసివేసి అంచులు కలిపినచో అది శంకువగును. డాట్ చేయు పని ఇదియే. ఒక డాట్‌ను నడుమునుండి భుజమునకు మార్చవలెనన్న, భుజమునుండి శిఖరబిందువు వరకు కొత్తగా కత్తిరించి, పాత డాట్‌ను మూసివేయవలెను. మూసినంత కోణమే కొత్తచోట తెరచుకొనును. అయితే పాత డాట్ పొడవు 4 అంగుళములు, నోరు 1 అంగుళము అయినప్పుడు, కొత్త డాట్ పొడవు 8 అంగుళములైనచో దాని నోరు 2 అంగుళములగును. కోణము మారలేదు, నోరు మాత్రము పెరిగినది. వంపునకు కావలసినది కోణమే. ఇది తెలిసినవారు నచ్చిన నమూనాను ఎన్ని రీతులుగ మార్చినను అమరిక చెడదు.

రెండవ ఉపాయము గుడ్డలోనే ఉన్నది. పడుగు వెంబడి గాని పేక వెంబడి గాని లాగిన నేతగుడ్డ అంతగా సాగదు. ఐమూలగా లాగిన సాగును. అప్పుడు పోగులు పొడవు పెరుగవు. వాటి నడుమ లంబకోణము మాత్రము మారును. రష్యన్ గణితజ్ఞుడు చెబిషెవ్ 1878 ఆగస్టులో పారిస్‌లో జరిగిన విజ్ఞానసభలో దుస్తుల కత్తిరింపును గూర్చి ఉపన్యసించెను. గుడ్డను సాగని పోగుల వలగా భావించి, రెండే ముక్కలతో గోళమును కప్పుటకు వాటినెట్లు కత్తిరింపవలెనో గణితముచే చూపెను. అట్టి వలలు నేటికిని అతని పేరనే పిలువబడుచున్నవి. 1920 ల దశకములో పారిస్‌లో మాదలెన్ వియొన్నె చిన్న కొయ్యబొమ్మపై గుడ్డను ఐమూలగా వ్రేలాడదీసి, దేహమునకు ఒదుగు దుస్తులు రూపొందించెను. లెక్క వ్రాయకయే ఆమె పట్టుకొన్నది చెబిషెవ్ చూపిన గుణమునే.

‘సగటు’ ఎవరిది?

సైజుల పట్టికకు ఆధారము కొలువబడిన మనుష్యులు. అమెరికా వ్యవసాయశాఖకు చెందిన గృహశాస్త్ర విభాగము 1939-40 లో సుమారు 15,000 మంది స్త్రీలకు ఒక్కొక్కరికి 59 కొలతలు తీయించెను. 1941 లో ఫలితములు అచ్చయినవి. నమూనాల తయారీకి ఉపకరింపవలెననియే ఆ పని సాగినది. ఉద్దేశము మంచిదే. కాని ఆ లెక్కలో తెల్లజాతి స్త్రీల కొలతలను మాత్రమే ఉంచి తక్కినవారివి తీసివేసిరి. దేశమున నున్న అందరి పేరిట పట్టిక వచ్చినది; అందులో అందరును లేరు. ఈ కొలతల ఆధారముగా 1958 లో ఏర్పడిన సైజుల ప్రమాణమును 1983 లో ఉపసంహరించిరి.

కొలువబడినవారికైనను సగటు పూర్తిగా సరిపోదు. ఛాతి సగటుగా నున్నవారికి నడుము సగటుగా నుండవలెనని లేదు. అన్నిటను సగటుగా నుండువారు మిక్కిలి అరుదు. పట్టికకు కుదరని దేహమున లోపమున్నదని తలచుట పొరపాటు. తప్పు దేహముది కాదు. కొన్ని అంకెలకు కుదించిన పట్టికది. కనుక నమూనాను మార్చుకొను నేర్పు కేవలము వినోదము కాదు, అవసరము. 1952 నుండి జర్మనీలో ఎన్నె బుర్దా తన పత్రికతోపాటు పెద్ద నమూనా పత్రములు ఇయ్యసాగెను. వాటిపై అనేక దుస్తుల గీతలు ఒకదానిపై ఒకటి చిక్కుపడియుండును. చదువరి తనకు కావలసిన గీతను వేరు కాగితముపై దించుకొనవలెను. దించుకొను చేయి ఆ గీతను తనకు తగినట్లు మార్చుటయు నేర్చును.

తరగతిలో ఒక ప్రయోగము

ఈ పాఠమును పాత వార్తాపత్రికతో తరగతిలోనే చూపవచ్చును. బాగుగా కుదిరిన చొక్కా నొకదానిని, కుట్లు విప్పక, ముక్కవెంట ముక్క కాగితముపై పరచి, కుట్టు గీత వెంబడి గుండుసూదితో పొడిచి గుర్తు పెట్టవలెను. ఆ చుక్కలను కలిపిన నమూనా వచ్చును. చుట్టును కుట్టుకు అర అంగుళము విడువవలెను. పడుగు పోవు దిక్కును బాణపుగుర్తుతో చూపవలెను. పొడవు పెంచవలసినచో అంచున అతుకు వేయక, నమూనాను నడుమ అడ్డముగా కత్తిరించి, కావలసినంత ఎడముంచి, మధ్య కాగితము అంటింపవలెను; అప్పుడు చంక, అంచుల వంపులు చెడవు. మెడ, భుజములను మార్చుట కష్టము గనుక అవి కుదిరిన దుస్తునే ఆదిగా ఎన్నుకొనుట మేలు. చొక్కాలో డాట్ ఉండదు గనుక రవికె ముక్కను గూడ ఒకటి దించి, విద్యార్థులచేత డాట్‌ను ఒక చోటినుండి మరియొక చోటికి మార్పించి, రెండు చోట్లను కోణమానినితో కొలిపింపవలెను. రెండు కొలతలును సమానముగా వచ్చినప్పుడు, జ్యామితిలో తాము చదివిన కోణము తమ ఒంటిమీది గుడ్డలోనే ఉన్నదని వారికి తెలియును.