స్టీరింగు పెట్టె కథ

రద్దీగా ఉన్న బస్టాండులో ఆర్టీసీ బస్సును మలిపే డ్రైవరును ఎప్పుడైనా గమనించారా? ముందు చక్రాలు కాస్త పక్కకు తిరగాలంటే ఆయన చేతిలోని స్టీరింగు చుట్ల మీద చుట్లు తిరగాలి. టన్నుల బరువున్న బండిని మనిషి తన రెండు చేతులతో ఎలా మలపగలుగుతున్నాడు? ఆ కిటుకంతా స్టీరింగు కడ్డీ చివర బిగించిన ఇనుప పెట్టెలో ఉంది. దాన్నే స్టీరింగు గేరుబాక్సు అంటారు. మనిషి కండబలానికీ యంత్రం బరువుకూ మధ్య నూరేళ్ళకు పైగా సాగిన బేరసారాలే దాని చరిత్ర.

ఎద్దుల నుంచి చక్రం దాకా

ఎడ్లబండికి ఈ చిక్కు లేదు. ఎద్దులు ఎటు తిరిగితే బండీ అటే తిరుగుతుంది. నాలుగు చక్రాల గుర్రపు బళ్ళలో ముందు ఇరుసు మొత్తం నడుమ ఉన్న ఒక మేకు చుట్టూ తిరిగేది. మలుపులో వేగం ఎక్కువైతే బండి పల్టీ కొట్టేది. ఇరుసును కదలనివ్వకుండా దాని కొసల్లో ఉన్న చక్రాలను మాత్రమే తిప్పే పద్ధతిని మ్యూనిక్‌కు చెందిన బండ్ల తయారీదారు లాంకెన్‌స్పెర్గర్ కనిపెట్టాడు. 1818లో లండన్‌లో రుడాల్ఫ్ ఆకర్‌మన్ దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ పద్ధతి ఈనాటికీ ఆకర్‌మన్ పేరుతోనే చలామణి అవుతోంది.

1886లో కార్ల్ బెంజ్ చేసిన మూడు చక్రాల మోటారు బండికి స్టీరింగు చక్రం లేదు, చేతి పిడి మాత్రమే ఉండేది. 1894లో జరిగిన పారిస్-రువాన్ పోటీలో వాషెరాన్ అనే ఫ్రెంచి పోటీదారు తన బండికి గుండ్రటి చక్రం అమర్చుకున్నాడు. వేగాలు పెరిగేకొద్దీ అదే అందరికీ ఆదర్శమైంది. కానీ బండ్ల బరువులూ పెరిగాయి. చక్రాన్ని నేరుగా తిప్పడం మనిషి వల్ల కాలేదు. అప్పుడు పెట్టెలోకి మర ప్రవేశించింది.

మర, గోళీలు

స్టీరింగు కడ్డీ కొసన మర చుట్లున్న ఇరుసు ఉంటుంది. దాన్ని వార్మ్ అంటారు. అది తిరిగితే దానితో కలిసిన పళ్ళ ముక్క కొద్దిగా కదులుతుంది. ఆ ముక్కకు బిగించిన పిట్‌మన్ ఆర్మ్ అనే చెయ్యి చక్రాలను లాగుతుంది. పెట్టె నిష్పత్తి 24:1 అనుకుందాం. స్టీరింగు ఒక పూర్తి చుట్టు, అంటే 360 డిగ్రీలు తిరిగితే ఆ చెయ్యి కదిలేది 15 డిగ్రీలే. దూరంలో పోగొట్టుకున్నదాన్ని బలంలో సంపాదించుకుంటాం. మీరు పాఠంలో చదివిన మీట సూత్రమే ఇది.

అయితే మర మీద లోహం లోహాన్ని రాసుకుంటే డ్రైవరు బలంలో చాలా భాగం ఘర్షణకే పోతుంది. దీనికి విరుగుడు సైకిలు చక్రం ఇరుసులో మనం చూసే ఉక్కు గోళీలే. మరకూ దాని మీద నడిచే నట్టుకూ మధ్య గాడిలో గోళీలు దొర్లుతాయి. ఒక కొసకు చేరినవి చిన్న గొట్టం గుండా మళ్ళీ మొదటికి వస్తాయి. అమెరికాలో 1940 ప్రాంతంలో కార్లలోకి వచ్చిన ఈ పద్ధతి మన బస్సులకు, లారీలకు కూడా అన్నం పెట్టింది.

అప్పటికే ఇంకో దారి వెతికినవాడు ఫ్రాన్సిస్ డేవిస్. పియర్స్-ఆరో కంపెనీలో పనిచేసిన ఈ ఇంజనీరు నూనె పీడనం సాయంతో తిరిగే స్టీరింగును 1926లో నడిపి చూపాడు. ఆర్థిక మాంద్యం కారణంగా 1934లో జనరల్ మోటార్స్ ఆ ప్రయత్నాన్ని పక్కన పెట్టింది. మామూలు ప్రజలు కొనే కారులో పవర్ స్టీరింగు కనిపించింది 1951లోనే, క్రైస్లర్ ఇంపీరియల్‌లో. ఒక మంచి ఆలోచన బజారుకు చేరడానికి పాతికేళ్ళు పట్టింది!

ముస్టాంగ్ పాఠం

1964లో పాంటియాక్ జీటీవోతో అమెరికాలో ‘మజిల్ కార్ల’ మోజు మొదలైంది. పెద్ద ఇంజను, తక్కువ ధర, గుడ్డి వేగం. అదే ఏడాది ఏప్రిల్‌లో ఫోర్డ్ ముస్టాంగ్ వచ్చింది. ఆనాటి కార్లను నేటికీ ముద్దుగా బాగుచేసుకునే వారికి ఎదురయ్యే తొలి ప్రశ్నల్లో ఒకటి: ఏ పెట్టె బిగించాలి?

1965 ముస్టాంగ్‌కు రెండు రకాల పెట్టెలు దొరికేవి. మామూలుది 19:1, చురుకైనది 16:1. లెక్క వేసి చూడండి. మొదటిదానిలో ఒక చుట్టుకు పిట్‌మన్ ఆర్మ్ సుమారు 19 డిగ్రీలు కదిలితే, రెండోదానిలో 22.5 డిగ్రీలు కదులుతుంది. కారు చురుగ్గా తిరుగుతుంది. కానీ చేతి బలం సుమారు 19 శాతం ఎక్కువ కావాలి. కాబట్టి కొనేవాడు ముందు ఇంజను బరువును, టైర్ల వెడల్పును, తన భుజబలాన్ని చూసుకోవాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. 1965-66 పెట్టెల్లో పిట్‌మన్ ఆర్మ్ బిగించే ఇరుసు మందం 1 అంగుళం, 1967 నుంచి 1⅛ అంగుళం. కొలవకుండా కొంటే ఒకదాని చెయ్యి ఇంకోదానికి పట్టదు.

పాత పెట్టెను విప్పి బాగుచేసేటప్పుడు మర గాడిలో గుంటలు పడ్డాయా, పళ్ళలో పగుళ్ళున్నాయా అని చూడాలి. అరుగుదల ఎక్కువగా నడుమనే ఉంటుంది. కారు తిన్నగా పోయే సమయమే ఎక్కువ కదా! అందుకే నడిమి పళ్ళు కొంచెం బిగువుగా కలిసేలా తయారు చేస్తారు. స్టీరింగు వదులైందని పైన ఉన్న సర్దుబాటు మరను బిగించేయడం చాలామంది చేసే పొరపాటు. ముందు వార్మ్ బేరింగులను సరిచేసి, ఆ తరువాత, చక్రాలు తిన్నగా ఉండే స్థితిలో మాత్రమే ఆ మరను ముట్టుకోవాలి. అతిగా బిగిస్తే మలుపు తరువాత స్టీరింగు తనంతట తాను తిన్నగా రాదు. అరుగుదల కూడా ఆగదు, కంటికి కనబడకుండా పోతుంది, అంతే.

గుండెకు గురిపెట్టిన కడ్డీ

ఇన్నింటిలోకీ పెద్ద విషయం వేరే ఉంది. 1965 ముస్టాంగ్‌లో పెట్టెలోని వార్మ్, డ్రైవరు వైపు వచ్చే పొడవాటి కడ్డీ ఒకే ముక్క. ఎదురుగా ఢీకొని కారు ముందు భాగం వెనక్కి నొక్కుకుపోతే ఆ కడ్డీ బల్లెంలా డ్రైవరు రొమ్ము మీదికి రాగలదు. ఆ రోజుల్లో చాలా కార్లలో ఈ ప్రమాదం ఉండేది. అమెరికా కార్ల ఇలాంటి లోపాలను 1965లో రాల్ఫ్ నాడర్ తన పుస్తకంలో ఎండగట్టాడు. 1967 కార్లలో జనరల్ మోటార్స్ దెబ్బ తగిలితే ముడుచుకుపోయే కడ్డీని పెట్టింది. 1968 జనవరి 1 నుంచి అమలైన అమెరికా భద్రతా నిబంధనలు గుద్దుకున్నప్పుడు కడ్డీ ఎంత వెనక్కి రావచ్చో హద్దు గీశాయి. ముస్టాంగ్‌లోనూ ఆ ఏడాది నుంచి కడ్డీని, పెట్టెను విడదీశారు.

కనుక పాత కారుకు పెట్టె ఎంచుకునేవాడి ముందున్న అసలు ప్రశ్న నిష్పత్తి ఒక్కటే కాదు. అచ్చం పాతదానిలాగే ఉండాలా, లేక ముడుచుకునే కడ్డీతో ప్రాణానికి రక్షణ కావాలా? ప్రదర్శనలో నిలబడే కారుకు మొదటిది చాలు. రోడ్డెక్కే కారుకు రెండోదే న్యాయం. పాత యంత్రాన్ని గౌరవించడమంటే దాని తెలివిని కాపాడుకోవడం. దాని తప్పును కూడా కాపాడనక్కర లేదు.