గండికోట గాదె, ఒంటిమిట్ట టెంకాయ చిప్ప



కడప జిల్లా అనగానే మనలో చాలామందికి ముందు ఎండ గుర్తొస్తుంది, ఆ తర్వాత కరువు. నిజానికి ముందు గుర్తు రావలసింది మన వంటింటి గట్టు. రోజూ కూరలు తరిగే ఆ నల్లరాయిని ఎన్ని ఊళ్ళలోనో ‘కడప బండ’ అనే అంటారు. తిరుమల వెంకన్నకు ఈ ఊరు గడప కనక కడప అయిందని పెద్దలు చెబుతారు. మరి మనమో, తిరుపతి రైలెక్కి ఆ గడపను నిద్దట్లోనే దాటేస్తాం. ఈసారి సెలవులకు అక్కడ ఒక్కసారి దిగండమ్మా అని చెప్పడానికే ఈ ప్రసంగం. జిల్లా అంతా చెప్పాలంటే ఒక వారం చాలదు. అందుకని రెండే రెండు చోట్లు చెబుతాను, గండికోట, ఒంటిమిట్ట. ఈ రెండింటినీ 1652లో ఒకే మనిషి చూశాడు. ఆయన టావెర్నియర్ అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు.

గండికోట జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు. అక్కడ పెన్నానది ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుంటూ పోయింది. ఆ కోతే గండి. గట్టున నిలబడి చూస్తే రెండు వైపులా ఎర్రటి బండలు మడతలు పెట్టి పేర్చిన బట్టల దొంతర్లలా ఉంటాయి. ఎవరు పేర్చారో, ఎన్ని యుగాలు పట్టిందో! కింద ఎక్కడో నది. ఆ వైపు శత్రువు ఎక్కిరాలేడు కనక గోడ ఖర్చు సగం తప్పింది. మిగతా వైపుల రాతి కోట, బురుజులు. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు ఇక్కడ ఏలారు.

చూడడానికి వెళ్ళినవాళ్ళు చాలామంది ఈ లోయ అంచున ఫొటో తీయించుకుని తిరిగొచ్చేస్తారు. నేనైతే వెళ్ళగానే గాదె చూడమంటాను. గాదె అంటే మన ఇళ్ళల్లోదనుకునేరు! కమానులతో కట్టిన పెద్ద రాతి భవనం. లోపల అడుగు పెడితే బయటి ఎండంతా మరిచిపోతాం. ముట్టడి వచ్చి తలుపులు మూసుకుంటే లోపలివాళ్ళు ఎన్నాళ్ళు నిలబడగలరన్నది కత్తులు తేల్చే సంగతి కాదు. ఇంట్లో గింజలెన్ని, చెరువులో నీళ్ళెన్ని అన్నదే లెక్క. ఆ లెక్క మనకు కొత్త కాదు కదా! ఇంతమంది ఇళ్ళల్లో దంచినవాళ్ళు, విసిరినవాళ్ళు, నీళ్ళు మోసినవాళ్ళు ఎవరై ఉంటారు? ఏ శాసనమూ వాళ్ళ పేర్లు చెప్పదు. నీళ్ళకు కోటలోనే రాయల చెరువుంది. పెన్న పక్కనే ఉన్నా, అంత లోతునుంచి కడవలతో ఎవరు తేగలరు!

ఇంత ఉన్నా కోట నిలవలేదు. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా సేనాని మీర్ జుమ్లా దాన్ని పట్టుకున్నాడు. అప్పుడే 1652లో టావెర్నియర్ వచ్చాడు. సుల్తానుకు ముత్యాలు అమ్మాలంటే ముందు మీర్ జుమ్లాకు చూపించాలి, అందుకని ఇంత దూరం! ఆయన రాసినదాంట్లో మనసు చివుక్కుమనే సంగతొకటుంది. ఫిరంగులు పోత పోయించడానికి మీర్ జుమ్లా గుళ్ళలో ఉన్న రాగి విగ్రహాలు పోగు చేయించాడట. పోత పోయడానికి ఒక ఫ్రెంచివాణ్ణే పెట్టాడట. అన్నీ కరిగాయిగాని గండికోట గుడివి కొన్ని మాత్రం ఎంత చేసినా కరగనే లేదని రాశాడు.

ఈనాడు మాధవరాయస్వామి గుడి గోపురం ఒక పక్క, జామి మసీదు ఇంకొక పక్క పురావస్తు శాఖవారి రక్షణలో ఉన్నాయి. మాధవరాయస్వామి గుళ్ళో స్వామి లేడు, స్తంభాలున్నాయి. చేతిలో ఏది ఉంటే దానితో వాటిమీద తమ పేరు చెక్కుకునే పుణ్యాత్ములు ఉంటారు. మన పిల్లల చేతులు మనం పట్టుకోవాలి, అంతే. లోయ అంచున అయితే మరీ గట్టిగా పట్టుకోవాలి.

ఇంకొక మాట. కోటకు ఎగువన గండికోట జలాశయం ఉంది. పైర్లకు నీళ్ళు కావలసిందే, కాదనను. కానీ 2020లో అది నింపుతున్నప్పుడు తాళ్ళప్రొద్దుటూరులోకి నీళ్ళొచ్చాయి. జనం పసుపు రాసిన గడపలు వదిలి కొత్త చోట్లకు వెళ్ళవలసి వచ్చింది. నిండిన నీళ్ళు చూసి ‘ఆహా’ అనుకునేటప్పుడు ఆ ఇల్లాళ్ళను కూడా ఒక్కసారి తలుచుకోండి.

జమ్మలమడుగు అన్నాను కదా, ఆ ఊళ్ళోనే 1863లో వావిలికొలను సుబ్బారావు గారు పుట్టారు. వాల్మీకి రామాయణాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి ‘ఆంధ్ర వాల్మీకి’ అనిపించుకున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులు. అంతటి మనిషి ఉద్యోగం వదిలేసి టెంకాయ చిప్ప చేత పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. ఎందుకంటారా? ఒంటిమిట్ట కోదండరాముడి గుడి శిథిలమై, దీపధూపాలకు కూడా ఇబ్బందైన రోజులవి. ఆ చిప్పలో పడిన డబ్బులతోనే స్వామికి నగలు, గుడికి బాగులు జరిగాయి. టెంకాయ చిప్పమీద ఆయన ఒక శతకమే రాశారు! అడిగింది ఆయన సరే, వేసింది ఎవరు? వీధి వాకిట్లోకి బిచ్చం తెచ్చేది ఎవరో మనకు తెలియదా? పోపులపెట్టెలో దాచుకున్న కానీలు ఆ గుళ్ళో ఎన్ని ఉన్నాయో అని నాకనిపిస్తుంది.

ఒంటిమిట్ట కడప నుంచి తిరుపతి వెళ్ళే దారిలో 25 కిలోమీటర్ల దగ్గర. ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరు దొంగలు మారి రాముడికి కాపలాదారులయ్యారని, వాళ్ళ పేరుమీదే ఊరు వెలిసిందని కథ. సీతారామలక్ష్మణులు ఒకే రాతిలో ఉండడంతో ఏకశిలానగరం అనీ అంటారు. గర్భగుడిలో హనుమంతుడు లేడు. ఆయన రాముణ్ణి కలవకముందే ఈ మూర్తులు వెలిశాయని అక్కడివాళ్ళు చెప్పే కారణం. మెచ్చుకోవడంలో తొందరపడని టావెర్నియర్ ఈ గోపురాన్ని మాత్రం మెచ్చుకున్నాడు. గుడి దగ్గర ఇమాంబేగ్ బావి చూడండి. రాముణ్ణి పిలిస్తే పలుకుతాడా అని ఆ ముస్లిం అధికారి అడిగాడని, పిలిస్తే లోపల్నుంచి ‘ఓ’ అని వినబడిందని, ఆయన భక్తుడై నీళ్ళకోసం ఆ బావి తవ్వించాడని చెబుతారు. కడప ఊళ్ళోనూ అంతే! ఉగాదినాడు దేవుని కడప వెంకన్నను చూడడానికి ముస్లిం కుటుంబాలు వరసలు కడతాయి, బియ్యం, బెల్లం తెచ్చి ఇస్తాయి. బీబీ నాంచారమ్మ వాళ్ళ ఆడపడుచు కాబట్టి వెంకన్న వాళ్ళకు అల్లుడట. మరి అల్లుడింటికి ఉత్త చేతులతో ఎలా వెళ్తారు?

రైల్లో వెళ్ళేవాళ్ళకు గండికోటకు ముద్దనూరు స్టేషను దగ్గర. ఒంటిమిట్టకు సొంత స్టేషనే ఉంది. ఏప్రిల్, మే నెలల్లో గండికోట వద్దు, రాయి సెగ కక్కుతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా హాయి. మంచినీళ్ళు, పులిహోర ఇంటినుంచే పట్టుకెళ్ళడం మంచిది. దారిలో ఉగ్గాని బజ్జీ దొరికితే మాత్రం వదలకండి. రాష్ట్రం విడిపోయాక 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తరఫు శ్రీరామనవమి ఉత్సవాలు ఒంటిమిట్టలోనే జరుగుతున్నాయి. అక్కడ కల్యాణం పగలు కాదు, రాత్రిపూట, నిండు వెన్నెల్లో చేస్తారు. ఆ రాత్రికి వెళ్ళేవాళ్ళు పిల్లలకు ఒక దుప్పటి తీసుకెళ్ళండి. తలంబ్రాలు పడేసరికి వాళ్ళు ఒళ్ళోనే నిద్రపోతారు.