రొమ్ము పరీక్ష: మూడు నగరాల చరిత్ర

చరిత్ర అనగానే రాజులూ యుద్ధాలూ గుర్తుకు వస్తాయి. వయసు మళ్ళిన స్త్రీ శరీరానికి కూడా చరిత్ర వున్నదని నాకు తెలియజెప్పినది మా మేనత్త. రొమ్ములో గడ్డ వున్న సంగతి ఆమె ఏడాదిపాటు దాచింది. "ఈ వయసులో ఆ మాట ఎవరితో చెప్పుకోనురా?" అన్నది. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి, వైద్యుణ్ణి కాను. అయినా ఆ సిగ్గు ఆమె ఒక్కతెదే కాదని తోచి, ఈ చరిత్ర వెదికాను.

రొమ్ము కాన్సరు వయసుతో పాటు హెచ్చే వ్యాధి. బాధ తెలియకముందే దాన్ని కనిపెడితే మరణాలు తగ్గుతాయా? ఈ ప్రశ్నకు పెద్ద ఎత్తున మొదట జవాబు వెదికినది న్యూయార్కు నగరం. 1963 డిసెంబరు మొదలుకొని, అక్కడి ఒక ఆరోగ్య బీమా పథకంలోని 40–64 ఏండ్ల స్త్రీలను, సుమారు 62,000 మందిని, రెండు భాగాలుగా విభజించారు. ఒక భాగాన్ని ఏటేటా ఎక్సురేకూ, వైద్యులు చేత్తో తడిమి చేసే పరీక్షకూ పిలిచారు. పదేండ్ల లెక్క తీస్తే, పిలిచినవారిలో ఈ వ్యాధి మరణాలు సుమారు 30 శాతం తక్కువ. తొలి సంవత్సరాలలో ఆ మేలు స్పష్టంగా కనిపించినది 50 దాటినవారిలోనే. అయితే వారంతా బీమా వున్నవారన్న సంగతి మరువరాదు.

1978లో ఎడింబరోలో ఇటువంటి పరిశోధనే ప్రారంభమైనది. అక్కడ స్త్రీలను విడివిడిగా కాక, వారు చూపించుకునే వైద్యులను బట్టి విభజించారు. తీరా చూస్తే పరీక్షకు పిలవని భాగంలో బీదవారు ఎక్కువ. గుండెజబ్బు మరణాలు కూడా వారిలోనే ఎక్కువ! పేదరికం దొడ్డిదారిన లెక్కలోకి వచ్చి, లెక్కనే చెడగొట్టినది. వర్గభేదాన్ని విస్మరించిన శాస్త్రానికి ఇంతకన్న గుణపాఠం వుండదు. బ్రిటన్‌లో 1988 నుంచి 50–64 ఏండ్ల స్త్రీలకు ప్రభుత్వమే ఉచితంగా ఈ పరీక్ష ప్రారంభించినది.

మూడవది మన బొంబాయి. 1998లో టాటా మెమోరియల్ వైద్యులు మురికివాడలలోని 35–64 ఏండ్ల స్త్రీలను, లక్షన్నర మందిని, ఎన్నుకున్నారు. ఖరీదైన యంత్రాలు లేవు. పదో తరగతి చదివిన స్త్రీలకు తర్ఫీదు ఇచ్చి, రెండేండ్లకొకసారి చేతి పరీక్ష చేయించారు. రెండవ భాగంలోని స్త్రీలకు దక్కినది ఒక్కసారి అవగాహన బోధ మాత్రమే. 2021లో వెలువడిన ఫలితం ఇది: మొత్తం మీద మరణాలు తగ్గాయని గట్టిగా చెప్పడానికి వీలులేదు, కాని 50, ఆపై వయసువారిలో సుమారు 30 శాతం తగ్గాయి.

పరీక్షే సర్వరోగ నివారిణి అని నేననను. ఎన్నడూ హాని చేయని గడ్డలకు కూడా కోత తప్పని సందర్భాలున్నాయి. చికిత్స అందుబాటులో లేనిచోట పరీక్ష భయాన్ని మాత్రమే మిగులుస్తుంది. ఈ రెండూ కలిసి రావాలని అడగడమే మన పని.

మన ప్రభుత్వం 2016లో 30–65 ఏండ్ల స్త్రీలకు అయిదేండ్లకొకసారి చేతి పరీక్ష చేయాలని మార్గదర్శకాలు చేసినది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30–49 ఏండ్ల వారిలో ఎన్నడైనా ఆ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఒక్కరు కూడా లేరు. ఆ సర్వే 49 దాటిన స్త్రీలను ఈ ప్రశ్న అడుగనే లేదు. బొంబాయిలో మేలు పొందినది సరిగ్గా ఆ వయసువారే.

విద్యార్థి మిత్రులారా, అడగవలసినవారు అడిగేదాకా మనం ఆగనక్కరలేదు. మన ఇండ్లలోని తల్లులనూ, అత్తలనూ మనమే అడుగుదాం.