హంటర్ పేరిట ఆచార్యపీఠం

జాన్ హంటర్ 1793లో మరణించినప్పుడు లండనులోని ఆయన సంగ్రహాలయంలో సుమారు 14,000 శరీర నిర్మాణ నమూనాలుండేవి. ధనం మాత్రం లేదు, అప్పులుండేవి. శస్త్రచికిత్సను కేవల హస్తనైపుణ్యం నుంచి పరిశీలన, ప్రయోగాలపై నిలిచే శాస్త్రంగా మలచినవారిలో ఆయన అగ్రగణ్యుడు. ఫ్రాన్సుతో యుద్ధంలో మునిగిన బ్రిటిష్ ప్రభుత్వం ఆ సేకరణను కొనడానికి ఆరేళ్లు తాత్సారం చేసింది. అంతకాలం దానిని కాపాడినవాడు విలియం క్లిఫ్ట్ అనే యువ సహాయకుడు. అతని జీతం వారానికి ఏడు షిల్లింగులు.

1799లో పార్లమెంటు 15,000 పౌన్లిచ్చి సేకరణను కొని, శస్త్రవైద్యుల సంఘానికి అప్పగించింది. ఏటా కనీసం 24 ఉపన్యాసాలు నమూనాలు చూపుతూ ఇప్పించాలన్నది షరతు. హంటేరియన్ ఆచార్యపదవి ఆ షరతు ఫలితమే. ఇతర పీఠాలకు దాత ఇచ్చిన సొమ్ము మూలధనం. దీనికి సీసాలలోని నమూనాలే మూలధనం.

1810లో తొలి ఉపన్యాసకులలో ఒకడు హంటర్ బావమరిది ఎవరార్డ్ హోమ్. అతడే 1823లో హంటర్ వ్రాతప్రతులను తగులబెట్టాడు. వాటిలోని విషయాలను తనవిగా ప్రకటించుకున్నాడన్న అనుమానం నేటికీ తొలగలేదు. క్లిఫ్ట్ ముందుగానే నకలు వ్రాసుకున్న భాగాలు మాత్రం దక్కాయి. 1836లో ఈ పదవి పొందిన రిచర్డ్ ఓవెన్ ఆ క్లిఫ్ట్‌కు అల్లుడు కావడం విశేషం.

ఆ మూలధనంలో మచ్చ కూడా ఉన్నది. అసాధారణమైన పొడవుగల చార్లెస్ బర్న్ తన దేహం శస్త్రవైద్యుల చేత పడరాదనీ, సముద్రంలో విడువాలనీ కోరుకున్నాడు. 1783లో అతడు మరణించగా హంటర్ ఆ దేహాన్ని సంపాదించాడు. 2023లో తిరిగి తెరచిన హంటేరియన్ సంగ్రహాలయంలో ఆ అస్థిపంజరాన్ని ప్రదర్శించలేదు.

కాలక్రమాన ఈ పదవి సొంత పరిశోధనను ఉపన్యాసంగా వినిపించే శస్త్రవైద్యులకు లభించే గౌరవమైంది. 1952లో ఆ వేదికనెక్కిన పాల్ బ్రాండ్ వెల్లూరు నుంచి వచ్చినవాడు, కొల్లి కొండలలో పుట్టినవాడు. ఆయన విషయం కుష్ఠురోగుల చేతులు. నరాలు చచ్చి వ్రేళ్లు కొంకర్లుపోయినా ముంజేతి కండరాలు పలువురిలో సజీవంగా ఉంటాయని ఆయన గమనించాడు. అట్టి కండరాల స్నాయువులను వ్రేళ్లకు మళ్లించి కుట్టవచ్చునని నిరూపించాడు. కుష్ఠురోగి దేహం శస్త్రచికిత్సకు మానదన్న నమ్మకం అంతవరకు బలంగా ఉండేది.

అయితే బాగుపడిన చేతులకు ఊళ్లో పని దొరకలేదు. అందుచేత వెల్లూరులో వారికి వడ్రంగం నేర్పే ఏర్పాటు కూడా బ్రాండ్ చేయవలసివచ్చింది.