సారువ

ఇల్లు కట్టుకొనువారు ద్వారబంధములను తట్టి పరీక్షింతురు. నేలఱాళ్ళ రంగుకై వారములకొలది తిరుగుదురు. ఆ గోడలు లేచుటకు మేస్త్రీ దేనిపై నిలిచెనో విచారించువారు మాత్ర మరుదు. దానిని పెద్దలు సారువ యందురు. పత్రికలు పరంజా యని వ్రాయును. మన నగరపు పనివారు గోవా యందురు. కట్టడము పూర్తియైన నాడే యది విప్పబడును గనుక దానికి చరిత్ర లేదని తలచుట సహజము. కాని చరిత్ర యున్నది. హైదరాబాదు తూర్పుదిక్కున నొక్క బాటవెంట నడచి మనము దానిని చదువవచ్చును.

ఆ బాట మూసారాంబాగు, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురిమీదుగా ఎల్.బి.నగర్ చేరును. 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమండు పేరు మూసారాంబాగున నేటికిని నిలిచియున్నది; చేరువగుట్టపై నతని సమాధి గలదు. ఆ కాలపు మేస్త్రీలకు కఱ్ఱయు, త్రాడును, మట్టికట్టయు దప్ప వేఱు సాధనము లేదు.

లాల్‌బహదూర్ శాస్త్రిగారి పేర వెలసిన ఎల్.బి.నగర్ నుండి దక్షిణముగా సాగరుబాట చీలును. ఆ బాట చివర నున్న నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న నీరు విడువబడెను. ఇంచుమించు 124 మీటర్ల యెత్తుగల రాతికట్టడ మది. యంత్రములు కొనుటకు విదేశద్రవ్యము చాలని ఆ దినములలో వేలకొలది స్త్రీపురుషులు కఱ్ఱసారువలమీద వాలుదారుల నెక్కి ఱాళ్ళను, సున్నమును తలలపై మోసిరి. ఆ పనిలో ప్రాణములు గోల్పోయినవారును గలరు. ఆనకట్టను చూడబోవువారు దాని యెత్తును కొనియాడుదురు. ఆ యెత్తునకు మనుష్యు లెట్లెక్కిరని యడుగరు.

దిల్‌సుఖ్‌నగరపు వీధులలో ఇండ్లు లేచినప్పుడును సరుగుడు బాదులే యాధారము. అవి నిటారు, చౌక. ఒక్క యంతస్తునకు సున్నము వేయుట కవి చాలును. కాని వానకు తడిసి యెండకు ఎండిన త్రాడు సడలును. బాదులోని చీలిక పైకి కానరాదు. ఏ రెండు బాదులకును బల మొక్కటి కాదు. అంతస్తులు అయిదైనప్పుడు ఆ యనిశ్చయమే యపాయమగును. 1913లో లండనునందలి బకింగుహాము ప్రాసాదపు ముఖభాగమును క్రొత్తగా దిద్దినప్పుడు, పామర్ జోన్సు కల్పించిన ఇనుప బిగింపులు వాడబడెను. తరువాత ఉక్కుగొట్టములు వ్యాపించెను. గొట్టముల గొప్పతనము గట్టితనము మాత్రమే కాదు; వాని బలమును ముందుగా లెక్కింపవచ్చును. ఊహ పోయి గణితము వచ్చెను. మన దేశమునను సారువల భద్రతకు ప్రమాణములు వ్రాయబడెను.

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వఱకు మెట్రోరైలు నడచినది. జనము క్రిక్కిరిసిన యా బాటపై నేలనుండి సారువ లేపినచో రాకపోకలు స్తంభించును. కావున వంతెన ముక్కలను వేఱుచోట పోతపోసి తెచ్చి, స్తంభములపై నిలిచిన ఉక్కుదూలముతో వ్రేలాడగట్టి చేర్చిరి. క్రొత్తదే మంచిదని దీని భావము కాదు; పనికి, చోటికి, బరువునకు తగిన యాధారమును ముందుగా నిర్ణయింపవలెనని భావము.

అయినను ఆ వంతెననీడనే, ప్రక్కసందులలో, బల్లయైనను లేని బాదుపై నొంటికాలితో నిలిచి గోడ పూయువాడు మనకు కనబడుచున్నాడు. 1996 నాటి కట్టడపు పనివారి చట్టము 10 లక్షల రూపాయలకు మించని సొంతయింటి పనిని తన హద్దునుండి తప్పించెను. 2020 నాటి స్మృతి యా మినహాయింపును 50 లక్షలకు పెంచెను. అనగా చట్టము మన గడపవద్ద ఆగిపోయినది. గడప లోపల నుండవలసినది గృహస్థుని ధర్మము.

అట్టి ధర్మమునకు గొప్ప విద్య యక్కఱలేదు. నిలువుగొట్టము మెత్తని మట్టిలో దిగక, క్రింద బల్లపై నిలిచినదా? సారువ గోడకు కట్టబడినదా? అడుగిడుటకు నిండైన బల్లలు, నడుమెత్తున అడ్డకఱ్ఱ గలవా? వాన వెలిసిన మఱునాడు మేస్త్రీ బిగింపులను మరల చూచెనా? ఈ నాలుగు ప్రశ్నలు ఇంటి యిల్లాలైనను అడుగవచ్చును. సారువ యద్దెలో మిగిల్చిన సొమ్ము ఇంటిలో నెచ్చటను కానరాదు. పడినవాని యింట మాత్రము తరతరములకు కానవచ్చును. గృహప్రవేశమునాడు మామిడాకుల తోరణము కట్టువారు, ఆ గోడ లేపినవాడు క్షేమముగా దిగి తన యిల్లు చేరెనని తెలిసికొని కట్టుదురుగాక యని మేము కోరుచున్నాము.