ఉల్లేఖనం నుండి లంకె వరకు: ఒక కొలమానం చరిత్ర

శాస్త్రవ్యాసాలకు ఉల్లేఖన సూచికను 1955లో యూజీన్ గార్‌ఫీల్డ్ ప్రతిపాదించారు. ఒక రచనను ఎందరు ఉదహరించారన్నది క్రమంగా దాని విలువకు కొలమానమైంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు సెర్గే బ్రిన్, లారీ పేజ్ ఈ సూత్రాన్నే అంతర్జాలానికి అన్వయించి రూపొందించిన పేజ్‌ర్యాంక్‌ను 1998లో ప్రచురించారు. ఇందులో లంకె ఉల్లేఖనంతో సమానం. లంకె ఇచ్చిన పుట ప్రాముఖ్యాన్ని బట్టి దాని బరువు మారుతుంది.

అయితే ఉల్లేఖనానికి సమీక్షకుల పరిశీలన ఉంటుంది. లంకెకు అది లేదు. ఎవరైనా రాయగల చోటల్లా వ్యాపారులు ఒకే లంకెను యంత్రసాయంతో పదేపదే చేర్చారు. 2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎంఎస్ఎన్ ‘నోఫాలో’ గుర్తును ఆమోదించి, అటువంటి లంకెలకు ర్యాంకు విలువ లేకుండా చేశాయి. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ మార్పుతో గూగుల్ కృత్రిమ లంకెలపై ఆధారపడిన సైట్ల స్థానాన్ని తగ్గించింది.

మాతృక అయిన ఉల్లేఖనమూ ఈ వికృతికి అతీతం కాదు. మితిమీరిన స్వీయ ఉల్లేఖనాలున్న పత్రికలను జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్ తొలగించిన సందర్భాలున్నాయి. నియామకాలు, పదోన్నతులు అంకెలపై ఆధారపడినంతకాలం చదవకుండానే ఉదహరించే ప్రలోభం పరిశోధనారంగాన్ని వీడదు.